ఆఫీసులో పెద్ద ఫైళ్లు పంచుకోవడానికి ఏ పద్ధతి పెట్టుకోవాలి?

కట్‌రూమ్ (#1)

అందరికీ నమస్కారం. మాది వీడియో, గ్రాఫిక్స్ పని చేసే చిన్న టీమ్. కొందరు ఆఫీసు నుంచి, కొందరు ఇంటి నుంచి పని చేస్తారు. ఒక్కో ప్రాజెక్టు 60 నుంచి 100 జీబీ దాకా ఉంటుంది: కెమెరా క్లిప్పులు, ఆడియో, లోగోలు, ఫాంట్లు, ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైలు, అన్నీ కలిపి.

ఇప్పటిదాకా ఎవరికి ఏది అలవాటైతే అది వాడుతున్నారు. ఒకరు తన సొంత డ్రైవ్ లింక్ పంపుతారు, ఇంకొకరు పెన్ డ్రైవ్ పట్టుకొస్తారు, మరొకరు చాట్ గ్రూపులో పెట్టేస్తారు. చాట్‌లో వచ్చిన వీడియో కుదించుకుపోయి ఉంటుంది. ఆ సంగతి తెలియనివాళ్లు దాన్నే టైమ్‌లైన్‌లో వేస్తారు. ఇక "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ లేటెస్ట్" అని మూడు ఫైళ్లుంటే క్లయింట్ ఏది ఓకే చేశారో వెతుక్కోవడం రోజూ ఉన్న పనే.

ఏదో ఒక పద్ధతి ఖరారు చేయమని మేనేజర్ నాకు అప్పగించారు. ఏ సర్వీసు తీసుకుంటే మంచిది? వాడి చూసినవాళ్లు చెప్పండి.

తపాలపెట్టె (#2)

మెయిల్ సంగతి ముందే తీసేయండి. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ హద్దు 25 ఎంబీ, అదీ పూర్తిగా చేతికి రాదు. ఫైలును మెయిల్‌లో పంపడానికి అక్షరాల రూపంలోకి మారుస్తారు, బేస్64 అంటారు దాన్ని. అలా మార్చినప్పుడు సైజు సుమారు మూడో వంతు పెరుగుతుంది. అందుకే అసలు ఫైలు 18 ఎంబీ దగ్గరకు వచ్చేసరికే హద్దు తగులుతుంది. "20 ఎంబీయే కదా, ఎందుకు వెళ్లడం లేదు" అని చాలామంది అడిగేదానికి కారణం ఇదే.

ఇంకా పెద్దదైతే జీమెయిల్ తనే డ్రైవ్ లింక్‌గా మార్చేస్తుంది. ఆ ఫైలు పంపినవారి ఖాతాలో ఉంటుంది. ఉచిత ఖాతా అయితే మెయిల్, ఫొటోలు, డ్రైవ్ అన్నింటికీ కలిపి 15 జీబీయే. మీ ప్రాజెక్టులో పావు వంతు కూడా పట్టదు.

సర్వర్‌గది (#3)

ఏ సర్వీసు అని అడిగే ముందు మూడు విషయాలు చెప్పండి.

మీ ఆఫీసు ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం ఎంత? డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. మీ ఫైళ్లు ఒకసారి పంపి చేతులు దులుపుకునేవా, లేక ఇద్దరు ముగ్గురు రోజూ తెరిచి మార్చేవా? అవతల తీసుకునేవారు ఏమేం చేయగలరు? అంటే, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకోగలరా, బ్రౌజర్‌లో లింక్ నొక్కడం వరకేనా?

ఈ మూడూ తెలియకుండా పేర్లు చెప్పుకుంటూ పోతే ఈ చర్చ ఎటూ తేలదు.

కట్‌రూమ్ (#4)

అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్, ఇప్పుడే పరీక్షించి చూశాను. టీమ్‌లో రోజూ అటూ ఇటూ మారే ఫైళ్లు ఉంటాయి, క్లయింట్‌కు మాత్రం పూర్తయిన వీడియో ఒక్కసారే వెళ్తుంది. క్లయింట్లకు లింక్ తప్ప ఇంకేం పంపినా ఫోన్ వస్తుంది.

సర్వర్‌గది (#5)

ఇంకేం, సగం జవాబు మీరే చెప్పేశారు. మీకు కావాల్సింది ఒక పద్ధతి కాదు, రెండు. లోపల కలిసి పని చేయడానికి ఒకటి, బయటకు అందించడానికి ఇంకొకటి. రెండింటినీ ఒకే లింక్‌తో సరిపెట్టాలని చూడటం వల్లే "ఫైనల్ లేటెస్ట్"లు పుట్టుకొస్తున్నాయి.

ఇక వేగం లెక్క. ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు, ఫైలు సైజు కొలిచేది బైట్లలో. 8తో భాగించాలి. 20 ఎంబీపీఎస్ అంటే సెకనుకు రెండున్నర మెగాబైట్లు. 80 జీబీ ప్రాజెక్టు మొత్తం ఎక్కించడానికి దాదాపు 9 గంటలు, అదీ మధ్యలో ఎవరూ వీడియో కాల్ మాట్లాడకపోతే. ఏ కంపెనీ క్లౌడ్ కొన్నా ఈ లెక్క మారదు. గూగుల్ డ్రైవ్ ఒక్కో ఫైలును 5 టీబీ దాకా, వన్‌డ్రైవ్ 250 జీబీ దాకా తీసుకుంటాయి. అంటే మీకు అడ్డు వాళ్ల హద్దులు కాదు, మీ లైనే.

నీలిగీత (#6)

నేను భవన నిర్మాణ డ్రాయింగుల ఆఫీసులో పని చేస్తాను. మా ఫైళ్లు మీ అంత పెద్దవి కావు కానీ ఒకే ఫైలు మీద నలుగురం కూర్చుంటాం. సింక్ ఫోల్డర్, అంటే ఒకరు మార్చింది అందరి కంప్యూటర్లలోకీ దానంతటదే చేరే ఫోల్డర్, పెట్టుకుని చాలాకాలంగా నడిపిస్తున్నాం, బాగానే ఉంది. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త.

ఒకే ఫైలును ఇద్దరు ఒకేసారి తెరిచి సేవ్ చేస్తే సింక్ సర్వీసు రెండింటినీ కలపలేదు. పక్కన "కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ" అని ఇంకో ఫైలు పెట్టి ఊరుకుంటుంది. రాసుకున్న డాక్యుమెంట్ అయితే చేత్తో కలుపుకోవచ్చు, డ్రాయింగు, ఎడిటింగ్ ప్రాజెక్టు లాంటివాటిని కలపడం అయ్యే పని కాదు. అందుకని ఎవరు తెరిచారో చాట్‌లో ఒక ముక్క రాసి మొదలుపెట్టాలని మేం నియమం పెట్టుకున్నాం.

రెండోది ఫోల్డర్ల లోతు. విండోస్‌లో మామూలుగా ఫైలు దారి మొత్తం 260 అక్షరాలు దాటితే చాలా ప్రోగ్రాములు మొరాయిస్తాయి. ఫోల్డర్‌లో ఫోల్డర్, దానిలో ఇంకో ఫోల్డర్, ప్రతిదానికీ వాక్యమంత పేరు. ఒకరి కంప్యూటర్‌లో తెరుచుకున్నది ఇంకొకరి దగ్గర తెరుచుకోదు. సింక్ పాడైందనుకుని రోజంతా టెన్షన్ పడతారు, తీరా చూస్తే అది పేరు పొడుగు సమస్య.

ఫ్రేమ్‌బైఫ్రేమ్ (#7)

> 80 జీబీ ప్రాజెక్టు మొత్తం ఎక్కించడానికి దాదాపు 9 గంటలు

అసలు మొత్తం ఎక్కించడం ఎందుకు? నేనూ ఎడిటింగ్ మనిషినే కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఇంటి నుంచి ఎడిట్ చేసేవారికి ఒరిజినల్ క్లిప్పులు అక్కర్లేదు. ప్రాక్సీలు, అంటే ఆ క్లిప్పులకే చేసిన తేలికైన చిన్న కాపీలు, చాలు.

4కే కెమెరా 100 ఎంబీపీఎస్‌లో రికార్డు చేసిందనుకోండి. గంట ఫుటేజ్ 45 జీబీ. మీ లైన్ మీద 5 గంటలు. అదే ఫుటేజ్‌ను 10 ఎంబీపీఎస్ ప్రాక్సీగా మారిస్తే నాలుగున్నర జీబీ, అరగంటలో ఎక్కిపోతుంది. ప్రీమియర్ ప్రోలో, డావిన్చీ రిజాల్వ్‌లో రెండింట్లోనూ ప్రాక్సీ సదుపాయం ఉంది. ఇంటి దగ్గరున్నవారు ప్రాక్సీల మీద కట్ చేసి ప్రాజెక్టు ఫైలు మాత్రం వెనక్కి పంపుతారు. క్లిప్పులతో పోలిస్తే దాని సైజు లెక్కలోకే రాదు. ఆఫీసులో దాన్ని తెరిచి ఒరిజినల్స్‌కు రీలింక్ చేసి, అంటే ప్రాక్సీల స్థానంలో ఒరిజినల్ క్లిప్పులను తగిలించి, ఎక్స్‌పోర్ట్ కొడితే సరి.

రీలింక్ సాఫీగా జరగాలంటే ప్రాక్సీ పేరు ఒరిజినల్ పేరుతో కలవాలి. ఫ్రేమ్ రేటు, టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్‌కూ ఉండే సమయం గుర్తు), ఆడియో చానళ్ల సంఖ్య కూడా అంతే. నాలుగు చానళ్ల ఆడియో ఉన్న క్లిప్పుకు రెండు చానళ్ల ప్రాక్సీ చేస్తే రీలింక్ దగ్గర గొడవ మొదలవుతుంది. కెమెరా ఇచ్చిన పేర్లు మార్చకండి. రెండు కెమెరాలు ఒకే పేర్లతో క్లిప్పులు ఇస్తుంటే వాటిని వేర్వేరు ఫోల్డర్లలో పెట్టండి, లేదంటే ఎడిట్ మొదలుకాక ముందే ఒకసారి పేర్లు మార్చి ఇక ముట్టుకోకండి.

సర్వర్‌గది (#8)

ఫ్రేమ్‌బైఫ్రేమ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. దీనికి తోడు ఆఫీసులో ఒక నాస్ పెట్టుకోండి. నాస్ అంటే నెట్‌వర్క్‌కు తగిలించిన నిల్వ పెట్టె, లోపల రెండో నాలుగో హార్డ్ డిస్కులు ఉంటాయి. ఒరిజినల్స్ అన్నీ అందులోనే. ఆఫీసులో ఉన్నవాళ్లు గిగాబిట్ కేబుల్ మీద నేరుగా అక్కడి నుంచే ఎడిట్ చేస్తారు, ఇంటర్నెట్ జోలికే పోనక్కర్లేదు. వైఫై మీద మాత్రం వద్దు.

నాస్‌లో రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ అక్కర్లేదు అనుకోకండి. ఒక డిస్క్ పోతే పని ఆగకుండా చూడటమే రెయిడ్ పని. ఎవరైనా ఫోల్డర్ డిలీట్ చేస్తే అది అన్ని డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది. సింక్ ఫోల్డర్ కూడా అంతే, మీ దగ్గర పోయింది అందరి దగ్గరా పోతుంది. క్లౌడ్‌లో చెత్తబుట్ట, పాత వెర్షన్లు కొంతకాలం ఉంటాయి కానీ ఎన్నాళ్లన్నది మీ ప్లాన్‌ను బట్టి ఉంటుంది. కొనే ముందు అడిగి తెలుసుకోండి.

మూడోకాపీ (#9)

ఇంతసేపూ ఎవరూ హార్డ్ డిస్క్ పంపడం గురించి మాట్లాడలేదు. షూటింగ్ స్పాట్ నుంచి 2 టీబీ రావాలి, అక్కడ నెట్ అంతంతమాత్రం. అలాంటప్పుడు మనిషి చేతికి డిస్క్ ఇచ్చి పంపడమే వేగం. 20 ఎంబీపీఎస్ మీద 2 టీబీ అంటే 9 రోజులకు పైమాటే, డిస్క్ అంతకు చాలా ముందే చేరుతుంది. పాతకాలపు పద్ధతి అని తీసిపారేయకండి.

డిస్క్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, విండోస్, మ్యాక్ రెండూ చదువుతాయి, రాస్తాయి. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. పెన్ డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా పెద్ద ఫైలు కాపీ కాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. డిస్క్ దారిలో పోతే ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్ట్ చేయండి. అవతల డిస్క్ అంది, తెరిచి చూసి, సరిపోయిందని చెప్పేదాకా కెమెరా కార్డులు చెరపకండి. ఇది మాత్రం మరీ మరీ చెప్తున్నాను. మూడు కాపీలు, రెండు రకాల నిల్వలు, ఒక కాపీ వేరే చోట అనే 3-2-1 పద్ధతి షూట్ అయిన రోజు నుంచే మొదలవ్వాలి, ప్రాజెక్టు ముగిశాక కాదు.

పోర్ట్22 (#10)

ఎస్‌ఎఫ్‌టీపీ సర్వర్ ఒకటి పెట్టుకోండి, అంటే ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి నేరుగా పంపుకునే సొంత సర్వర్. క్లౌడ్ వాళ్ల దయాదాక్షిణ్యాలు అక్కర్లేదు, ఎంత పెద్ద ఫైలైనా పోతుంది, మధ్యలో తెగితే ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలవుతుంది. లైనక్స్ మీద ఆర్‌సింక్ అయితే ఇంకా హాయి. 1996లో వచ్చిన ప్రోగ్రాము, ఫైల్లో మారిన భాగాలు మాత్రమే పంపుతుంది.

తపాలపెట్టె (#11)

పోర్ట్22 గారూ, క్లయింట్లకు లింక్ తప్ప ఇంకేం పంపినా ఫోన్ వస్తుందని అడిగినవారే రాశారు. ఎస్‌ఎఫ్‌టీపీ అంటే ముందు వాళ్లతో ఒక ప్రోగ్రాము ఇన్‌స్టాల్ చేయించాలి, సర్వర్ పేరు, పోర్టు, కీ అన్నీ వివరించాలి. మీలాంటివారికి హాయి, వాళ్లకు నరకం.

పోర్ట్22 (#12)

క్లయింట్ల విషయంలో ఒప్పుకుంటాను. నేను చెప్పింది ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు రోజూ రాత్రిపూట దానంతటదే వెళ్లాల్సిన ఫైళ్ల గురించి. అక్కడ దీన్ని మించింది లేదు. పేరు దగ్గరగా ఉందని పాత ఎఫ్‌టీపీ మాత్రం పెట్టుకోకండి. దాని ప్రమాణం 1985 నాటిది, పాస్‌వర్డ్ దారిలో ఎవరైనా చదవగలిగేలా పోతుంది. ఎస్‌ఎఫ్‌టీపీ వేరు, అది ఎస్‌ఎస్‌హెచ్ అనే ఎన్‌క్రిప్ట్ చేసిన దారి మీద నడుస్తుంది.

తాళంచెవి (#13)

నేను సెక్యూరిటీ వైపు పని చేస్తాను. ఇక్కడ అందరూ ఫైలు ఎలా చేరాలో మాట్లాడుతున్నారు, చేరాక లింక్ ఏమవుతుందో ఎవరూ అనడం లేదు.

"లింక్ ఉన్న ఎవరైనా చూడవచ్చు" అని పెట్టిన ఫోల్డర్ గురించి ఒక్కసారి ఆలోచించండి. ఆ లింక్ మెయిల్లో ఉంటుంది, చాట్‌లో ఉంటుంది, క్లయింట్ ఇంకెవరికో ఫార్వర్డ్ చేస్తారు. ప్రాజెక్టు అయిపోయాక కూడా అది తెరుచుకునే ఉంటుంది. అదే ఫోల్డర్‌లో తర్వాత ఎవరైనా వేరే క్లయింట్ ఫైలు వేస్తే పాత లింక్ ఉన్నవారికి అదీ కనిపిస్తుంది. ఈ తరహా లీకులకు హ్యాకర్ అక్కర్లేదు. కాబట్టి క్లయింట్‌కు ఎప్పుడూ పని ఫోల్డర్ లింక్ ఇవ్వకండి. వారి కోసం విడిగా ఒక డెలివరీ ఫోల్డర్, దానిలో వారికి చెందిన ఫైలు మాత్రమే, గడువు తేదీ, చూడటానికీ దించుకోవడానికే అనుమతి. పాస్‌వర్డ్ పెడితే లింక్ మెయిల్లో, పాస్‌వర్డ్ ఫోన్‌లో. రెండూ ఒకే మెయిల్లో పంపితే పెట్టి ప్రయోజనం లేదు.

సొంత సర్వర్ పెట్టుకునేవారికి ఇంకో మాట. 2023 మే చివర్లో మూవ్‌ఇట్ ట్రాన్స్‌ఫర్ అనే ఫైల్ ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం (డేటాబేస్‌కు దొంగ ఆదేశాలు పంపనిచ్చే లోపం) బయటపడింది. క్లాప్ అనే ముఠా అప్పటికే దాన్ని వాడుకుని చాలా సంస్థల ఫైళ్లు ఎత్తుకుపోయింది. అంతకు ముందు 2020 డిసెంబర్‌లో అక్సెలియన్ వారి పాత ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్ మీదా దాడులు జరిగాయి. రెండూ పెద్ద సంస్థలు సురక్షితమని నమ్మి కొనుక్కున్నవే. ట్రాన్స్‌ఫర్ సర్వర్ మీద ఫైళ్లు నెలల తరబడి ఉంచితే దాడి జరిగిన రోజు అవన్నీ పోతాయి, అవతలివారు దించుకున్న వెంటనే తీసేస్తే పోయేది కొంచెమే. అప్‌డేట్లు వేసే మనిషి లేనప్పుడు సొంత సర్వర్ జోలికి పోకండి.

నీలిగీత (#14)

జిప్ చేసి పాస్‌వర్డ్ పెట్టి పంపితే సరిపోదా? మా దగ్గర అలాగే చేస్తారు.

తాళంచెవి (#15)

ఏ రకం పాస్‌వర్డ్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. పాత జిప్ ఎన్‌క్రిప్షన్ బలహీనం, ఏఈఎస్-256 ఎంచుకోండి. అదైనా లోపలి ఫైళ్ల పేర్లు బయటకు కనిపిస్తూనే ఉంటాయి. పేర్లు కూడా రహస్యమైతే 7-జిప్‌లో 7జెడ్ రకం తీసుకుని, పేర్లు కూడా ఎన్‌క్రిప్ట్ చేయమన్న చోట టిక్ పెట్టాలి.

ఫ్రేమ్‌బైఫ్రేమ్ (#16)

జిప్ మాట వచ్చింది కాబట్టి: వీడియోను జిప్ చేస్తే సైజు తగ్గుతుందని ఆశపడకండి. అది ముందే కుదించి ఉంటుంది. కానీ వేల కొద్దీ చిన్న ఫైళ్లు, ఉదాహరణకు ఒక్కో ఫ్రేమ్ ఒక్కో బొమ్మ ఫైలుగా ఉండే ఇమేజ్ సీక్వెన్స్, పంపేటప్పుడు జిప్ లాభమే. ఒక్కో ఫైలుకు ఒక్కోసారి జరిగే తతంగం తప్పుతుంది.

కట్‌రూమ్ (#17)

చాలా ఉపయోగపడ్డాయండీ. ప్రాక్సీ ఆలోచన మేనేజర్‌కు చెప్తే వెంటనే నచ్చింది. ఆఫీసులో నాస్, ఇంటి వాళ్లకు సింక్ ఫోల్డర్‌లో ప్రాక్సీలూ ప్రాజెక్టు ఫైలూ, క్లయింట్‌కు గడువున్న డెలివరీ లింక్. ఇంతవరకు అనుకున్నాం.

రెండు సందేహాలు. ఒకటి, క్లయింట్ వీడియో దించుకుని "మధ్యలో ఆగిపోతోంది, ఫైలు పాడైంది" అంటే అది మా తప్పో, వాళ్ల డౌన్‌లోడ్ తప్పో ఎలా తేల్చాలి? రెండు, మా డిజైనర్ త్వరలో ఉద్యోగం మారుతున్నారు. గ్రాఫిక్స్ ఫైళ్లు చాలావరకు ఆమె సొంత డ్రైవ్ ఖాతాలో ఉన్నాయి.

పోర్ట్22 (#18)

మొదటిదానికి చెక్‌సమ్, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఫైలు పంపే ముందు దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువ తీయండి, 64 అక్షరాల వరుస వస్తుంది. ఫైల్లో ఒక్క బిట్ మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో తీయవచ్చు, మ్యాక్‌లో, లైనక్స్‌లో కూడా దానికి కమాండ్లు ఉన్నాయి. క్లయింట్‌తో కమాండ్లు కొట్టించలేరు కాబట్టి ముందు ఫైలు సైజు బైట్లలో ఎంతుందో అడగండి. మీ దగ్గరి సైజు కంటే తక్కువ ఉంటే డౌన్‌లోడ్ మధ్యలో తెగినట్టే, మళ్లీ దించుకోమనండి. సైజు సరిగ్గా ఉండి కూడా ఆగుతుంటే చాలాసార్లు వాళ్ల కంప్యూటర్ ఆ వీడియోను ఆడించలేకపోవడమే కారణం, చిన్న వెర్షన్ ఒకటి ఇచ్చి చూడండి. మీ నాస్ నుంచి బ్యాకప్ డిస్కుకు వెళ్లేవాటికి మాత్రం చెక్‌సమ్ తప్పకుండా పెట్టుకోండి.

మూడోకాపీ (#19)

పేర్ల గురించి ఒక్క మాట, తర్వాత మర్చిపోతాను. ఫైలు పేరులో "ఫైనల్" అన్న మాటే నిషేధించండి. ప్రాజెక్టు పేరు, తేదీ, వెర్షన్ నంబరు, అంతే. తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాస్తే ఫోల్డర్‌లో వాటంతటవే వరుసగా కూర్చుంటాయి. క్లయింట్ ఓకే చేసినదాన్ని వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, దానిలో రాసే అనుమతి ఒక్కరికే ఇవ్వండి.

సర్వర్‌గది (#20)

డిజైనర్ విషయం అన్నింటికంటే ముందు చూడండి. మిగతావి నెల తర్వాత చేసినా ఏం కాదు, ఇది ఆగదు.

సొంత ఖాతాలో ఉన్న ఫైలుకు యజమాని ఆమే. మీకు షేర్ చేశారు కాబట్టి కనిపిస్తోంది. కొత్త ఉద్యోగంలో చేరాక జాగా కోసం పాత ఫైళ్లు తీసేస్తే మీ దగ్గరా మాయమవుతాయి, అందులో ఆమె తప్పేమీ ఉండదు. కంపెనీ పేరు మీద గూగుల్ వర్క్‌స్పేస్ తీసుకుంటే షేర్డ్ డ్రైవ్ అని ఉంటుంది. అందులో పెట్టిన ఫైలు టీమ్‌ది, మనిషి వెళ్లిపోయినా ఉంటుంది. మీ ప్లాన్‌లో అది ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

సొంత ఖాతా నుంచి కంపెనీ ఖాతాకు యాజమాన్యం మార్చాలని కుస్తీ పట్టకండి. ఆమె కంప్యూటర్‌లోకి మొత్తం దించి, నాస్‌లోకి కాపీ చేసి, అక్కడి నుంచి షేర్డ్ డ్రైవ్‌లోకి ఎక్కించడమే సులువు. తర్వాత ఆమెది కాని కంప్యూటర్‌లో నాలుగైదు ప్రాజెక్టులు తెరిచి చూడండి. ఫాంట్ లేదనో, లింక్ చేసిన బొమ్మ దొరకలేదనో, మీడియా ఆఫ్‌లైన్ అనో వస్తే ఆ ఫైళ్లు ఇంకా ఆమె డెస్క్‌టాప్ మీదో, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనో ఉన్నాయన్నమాట. ఎడిటింగ్ ప్రాజెక్టులకైతే ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ మేనేజర్‌తో అన్నీ ఒకచోటికి లాక్కోవచ్చు. ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్ ఫైళ్లకు ప్యాకేజ్ అనే ఆప్షన్ ఉంది. అలా లాగేటప్పుడు ఆమె పక్కన కూర్చుంటే ఏది ఎక్కడ పెట్టారో వెంటనే చెప్పగలరు, కాబట్టి ఈ వారంలోనే ఒక పూట ఆమెను అడిగి పెట్టుకోండి.

కట్‌రూమ్ (#21)

రేపు మధ్యాహ్నానికి ఆమె సరేనన్నారు. ముందు ఇన్‌డిజైన్ ఫైళ్లతో మొదలుపెడుతున్నాం. ప్యాకేజ్ చేశాక ఏవైనా ఫాంట్లు రాకపోతే మళ్లీ ఇక్కడే అడుగుతాను.